గోమార్లకి డెల్టామెత్రిన్ ఎస్‌సి వాడాం: మందు బాగానే పనిచేసింది, మూత కొలతే కొంప ముంచబోయింది

మాది గుంటూరు, పట్టాభిపురం. పాతకాలం ఇల్లు, వెనక చిన్న పెరడు, అందులో ఒక మునగ చెట్టు, తులసి కోట, కలువలు వేసిన సిమెంటు తొట్టి, మా కుక్క రాజు, అత్తయ్య పెంచుకునే నాలుగు నాటుకోళ్ళు. ఇన్ని ప్రాణాలున్న చోట గోమార్ల మందు కొట్టడం ఎంత కష్టమో పోయిన ఏడాది తెలిసింది, ఈ ఏడాది అదే పని జాగ్రత్తగా చేస్తే ఎంత తేలికో కూడా తెలిసింది. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే మందు చాలా కంపెనీలు వేరువేరు పేర్లతో అమ్ముతాయి, మీరు చూడాల్సింది పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాదు, దాని కింద చిన్నగా రాసి ఉండే అసలు మందు పేరు, శాతం. నేను రాస్తున్నది డెల్టామెత్రిన్ 2.5 శాతం ఎస్‌సి (మందు సన్నటి రేణువులుగా నీళ్ళలో తేలే రకం) గురించి, ఇళ్ళల్లో వాడటానికని లేబుల్ మీద రాసి ఉన్న పావు లీటరు సీసా.

ముందు గోమార్ల సంగతి. పోయిన ఏడాది వానలు మొదలైన వారానికి రాజు చెవి వెనక బఠాణీ గింజంత ఒకటి కనిపించింది, దువ్వెనతో తీసి పారేశాం. పది రోజుల్లో దాని కాళ్ళ సందుల్లో ఎక్కడ చూసినా అవే. ఒక రాత్రి మంచినీళ్ళకని లేచి లైటు వేస్తే వసారా గోడ మీద క్యాలెండరు పక్కనుంచి ఆవగింజల్లాంటివి వరసగా పైకి పాకుతున్నాయి. క్యాలెండరు ఎత్తి చూస్తే దాని వెనక, మేకు కొట్టిన చోట పెచ్చు ఊడిన గుంటలో గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. తర్వాత పశువుల డాక్టరు గారు చెబితే తెలిసింది, కుక్కలకి పట్టే ఈ గోధుమరంగు గోమారి జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదట, రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక, పైకి పైకి పాకి దాక్కుంటుందట, ఒక్క ఆడ గోమారి నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదట. అంటే కుక్కకి ఎంత స్నానం చేయించినా ఇల్లు అలాగే ఉంటే మళ్ళీ ఎక్కుతాయి.

ఇది తెలియక ముందే నేను మార్కెట్ వైపు ఒక పురుగుమందుల షాపుకి వెళ్ళాను. గుంటూరు సంగతి తెలిసిందే కదా, మిర్చి ఊరు, చేలో కొట్టే మందులు దొరకని వీధి ఉండదు. గోమార్లకి ఏదైనా ఇవ్వండి బాబాయ్ అంటే ఆయన ఇంకేమీ అడగలేదు. ఇంట్లో పిల్లలున్నారా, కోళ్ళున్నాయా, లోపల కొట్టాలా బయటా, ఒక్క ప్రశ్న లేదు. అలమరలోంచి ఒక సీసా తీసి, "బకెట్టు నీళ్ళకి మూడు మూతలు వేసి చీపురుతో చల్లెయ్యమ్మా, దెబ్బకి పోతాయి" అన్నాడు. అది కూడా డెల్టామెత్రినే, కానీ పొలాల్లో కొట్టే 11 శాతం ఈసీ, అంటే నూనె లాంటి ద్రావకంలో కరిగించిన రకం. ఆ తేడా నాకప్పుడు తెలియదు. ఇంటికొచ్చి, మూడు మూతలకి పోతాయో పోవోనని ఆరు వేశాను.

ఆ రోజు జరిగినవి ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. చీపురుతో వసారా, పెరడు గచ్చు అంతా చల్లాను. కిరసనాయిలు వాసన లాంటి ఘాటు ఇల్లంతా పట్టేసింది, రాత్రి దాకా తలనొప్పి. చేతులకి ఏమీ వేసుకోలేదు, గంటకల్లా మణికట్టు మీద, బుగ్గ మీద చీమలు పాకుతున్నట్టు చిమచిమలు మొదలయ్యాయి, మర్నాటికి గానీ తగ్గలేదు. గచ్చు మీద ఎక్కువైన నీళ్ళు వాలుకి పోయి కలువ తొట్టి పక్కన నిలిచాయి, కొన్ని చుక్కలు తొట్టిలో కూడా పడి ఉంటాయి. దోమలు రాకుండా ఆ తొట్టిలో ఇరవై దాకా గప్పీ చేపలు వేసుకున్నాం. సాయంత్రానికి అన్నీ పొట్టలు పైకి తేలాయి. మా చిన్నది వాటికి రోజూ బడి నుంచి రాగానే మేత వేసేది. ఆ రోజు కూడా మేత డబ్బా పట్టుకుని తొట్టి దగ్గర చాలాసేపు నిలబడింది.

పక్కింటి పిన్ని గారి పిల్లి మా గోడ దిగి పెరట్లోంచి నడిచి వెళ్ళడం అలవాటు. ఆ రోజు తడి గచ్చు మీదే నడిచింది, తర్వాత ఎక్కడో కూర్చుని కాళ్ళు నాక్కుని ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి పిన్ని గారు ఏడుస్తూ వచ్చారు. చెవులు అదురుతున్నాయి, నోట్లోంచి చొంగ, నిలబెడితే వెనక కాళ్ళు వణికి కూలిపోతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, వణుకు తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి, రాత్రంతా అక్కడే ఉంచుకున్నారు. మూడో రోజుకి కోలుకుంది, అది మా అదృష్టం. డెల్టామెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్ జాతి మందులని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, అందుకే కుక్క తట్టుకునేంత మందు కూడా పిల్లికి విషమవుతుందని డాక్టరు గారు చెప్పారు. వీటికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, లక్షణాలు చూసి వైద్యం చేయడమే.

అన్నిటికంటే నన్ను ఇప్పటికీ భయపెట్టేది వేరే ఉంది. మందు నీళ్ళలో పడగానే తెల్లగా విరుస్తుంది, కలిపితే అచ్చం పల్చటి మజ్జిగలా ఉంటుంది. చల్లాక బకెట్టులో మిగిలింది ఒక స్టీలు చెంబులోకి తీసి, తలుపు మూలల్లో పోద్దామని వసారాలో బల్ల మీద పెట్టి ఫోన్ వస్తే లోపలికి వెళ్ళాను. బయటికి వచ్చేసరికి మామయ్య గారు ఆ చెంబు చేతిలోకి తీసుకుని ఉన్నారు. ఆయనకి ఒక కన్ను శుక్లాల ఆపరేషన్ అయ్యింది, రెండోది ఇంకా కాలేదు. ఆ పూట ఉక్కపోత, రోజూ ఆ వేళకి అత్తయ్య మజ్జిగ ఇస్తుంది. వాసన తగిలి ఆగారు. "ఇదేంటమ్మా ఇలా ఉంది" అని నా వైపు చాపారు. ఆ చెంబు తీసుకున్నప్పుడు నా చెయ్యి ఎలా వణికిందో నాకే తెలుసు.

మర్నాడు మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. నాన్నది ప్రత్తిపాడు వైపు ఊరు, ముప్ఫై ఏళ్ళు మిరప వేశాడు. తిట్టలేదు, మూడు ప్రశ్నలు అడిగాడు. మందు పేరేంటి, శాతమెంత, దేంతో కొలిచావు. మూతతో అన్నాను. "మూత కొలత కాదమ్మా, మూత మూతే" అన్నాడు. ఆ మాట పట్టుకుని సీసా మూతలో నీళ్ళు పోసి సిరంజితో లాగి కొలిచాను. నిండా పోస్తే 14 మిల్లీలీటర్లు. ఆరు మూతలంటే 84. అందులో 11 శాతం అంటే దగ్గర దగ్గర తొమ్మిది గ్రాముల అసలు మందు, పది లీటర్ల బకెట్టులో. ఇప్పుడు వాడుతున్న సీసా కరపత్రం ప్రకారం పది లీటర్లకి పడాల్సింది రెండున్నర గ్రాములు. మూడున్నర రెట్లకి పైన వేసి, చీపురుతో, చెప్పుల్లేకుండా, పిల్లల ముందు చల్లాను. సీసా మారితే మూత మారుతుంది, మందు పేరు ఒకటే అయినా 2.5 శాతం, 2.8 శాతం, 11 శాతం అని రకరకాలుగా వస్తుంది, కాబట్టి ఎవరైనా మీకు "ఇన్ని మూతలు" అని చెబితే ఆ మాట అక్కడే వదిలెయ్యండి.

ఈ ఏడాది నాన్నే తోడొచ్చి వేరే షాపులో ఇప్పించాడు. ఆ షాపాయన మొదట అడిగింది, "లోపలికా బయటికా, జంతువులేమున్నాయి?" అని. పిల్లి సంగతి చెబితే, మందు కొట్టిన చోటు పూర్తిగా ఆరే దాకా ఏ ప్రాణీ అటు తిరగకూడదని రెండుసార్లు చెప్పాడు. బిల్లు ఇచ్చాడు, బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్నాయి. మేం ఉండగానే ఒకతను వచ్చి పాత రోజుల్లో బొద్దింకలకి కొట్టే డైక్లోర్‌వాస్ ఉందా అని అడిగాడు. అది 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం, ఎవరైనా పాత స్టాకు ఇచ్చినా తీసుకోవద్దని పంపేశాడు. అదే విధంగా ఇంట్లోకి మోనోక్రోటోఫాస్ లాంటివి అడిగేవాళ్ళు ఇంకా వస్తారట. కూరగాయల మీద కూడా వాడొద్దని 2005లోనే నిషేధించిన మందు అది, ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకూడనిది.

ఇక సీసా సంగతి. ఎస్‌సి అంటే మందు సన్నటి రేణువులుగా నీళ్ళలో తేలుతూ ఉండేది. ఈసీలో మందుని నూనె లాంటి ద్రావకంలో కరిగిస్తారు, ఆ ఘాటు వాసన ఎక్కువగా ఆ ద్రావకానిదే. ఎస్‌సికి వాసన దాదాపు లేదు, సున్నం గోడ మీద మరక కూడా పడలేదు, ఇంట్లో వాడటానికి ఇదే నయం. కానీ వాసన లేదంటే విషం కాదని కాదు. ఇంకొకటి, ఎస్‌సి అడుగుకి దిగిపోతుంది. మొదటిసారి సీసా తిరగేసి చూస్తే అడుగున పేరుగడ్డలా పేరుకుని ఉంది, నిమిషం సేపు బాగా కుదిపితే గానీ కలవలేదు. కుదపకుండా పోస్తే మొదట్లో పల్చటిది, చివర్లో చిక్కటిది వస్తుంది, లెక్క మొత్తం తప్పుతుంది.

లేబుల్ మీద ఓ మూల వజ్రం ఆకారంలో రెండు త్రికోణాలు ఉంటాయి, కింది దాని రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం, దాని కింద వచ్చిన 1971 నియమాల ప్రకారం అమ్మే ప్రతి సీసా మీద ఇది ఉండాలి. ఎర్ర త్రికోణం ఉన్నది ఇంటి పనికి ఎవరిచ్చినా తీసుకోకండి. పచ్చగా ఉంటే తాగినా ఏం కాదనుకునేవాళ్ళని చూశాను, అది కూడా తప్పే, మిగతా వాటితో పోలిస్తే తక్కువ అని మాత్రమే. సీసాతో పాటు మడత పెట్టిన కరపత్రం ఉంటుంది, తెలుగులో కూడా ఉంది. ఈ ఉత్పత్తి మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఆ కరపత్రమే. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ చదవలేకపోయాను. విరుగుడు వైద్యం గురించి రాసిన భాగం సరిగ్గా మడత మీద పడి చెరిగిపోయింది. అంత ముఖ్యమైన కాగితాన్ని నూనె దీపం కింద చదివే పంచాంగంలా అచ్చు వేస్తే మామయ్య గారి లాంటి వాళ్ళకి ఎలా?

మా కరపత్రంలో లీటరు నీళ్ళకి 10 మిల్లీలీటర్లు అని ఉంది. 2.5 శాతం మందు పది మిల్లీలీటర్లంటే పావు గ్రాము, లీటరులో 0.025 శాతం. ఈ అంకెలు మా సీసావి, మీ సీసా మీద ఏముంటే మీకు అదే, నేను చెప్పానని వెయ్యొద్దు. కొలవడానికి మెడికల్ షాపులో 10 మిల్లీలీటర్ల సిరంజి కొని, సూది పారేసి, దాని మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో గుండ్రంగా గీత పెట్టాను. అది మందుకే, ఇంకే పనికీ రాదు. ముందు స్ప్రేయర్‌లో సగం నీళ్ళు పోసి, తర్వాత మందు, తర్వాత మిగతా నీళ్ళు. ఖాళీ డబ్బాలో ముందు మందు పోసి పైనుంచి నీళ్ళు కొడితే మొహం మీదకి చిందుతుంది. కలిపేది పెరట్లో, వంటింటి గిన్నె ఒక్కటి కూడా అటు రాదు, చెంబులోకి బకెట్టులోకి తీసేది లేదు, కలిపింది స్ప్రేయర్ దాటి బయటికి రాదు. ఎంత గోడ, ఎంత గచ్చు ఉందో ముందే కొలుచుకుని ఆ మేరకే కలిపాం, మాకు రెండు లీటర్లు సరిపోయింది.

మందు కొట్టే ముందు రోజంతా వేరే పని చేశాం, నిజానికి సగం గోమార్లు ఆ పనికే పోయాయని నా నమ్మకం. పెరట్లో గడ్డి గొరిగించాం, గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల సందుల్లో సిమెంటు పాలు పోసి పూడ్చాం, క్యాలెండర్లు, పాత గోనెసంచులు తీసేశాం, రాజు పడుకునే పాత దుప్పటి మరిగే నీళ్ళలో ఉడికించాం. మందు కొట్టే రోజు పొద్దున్నే కోళ్ళని గంపతో సహా ఎదురింటికి పంపాం, వాటి నీళ్ళ మూకుడు, మేత గిన్నె లోపల పెట్టాం. కలువ తొట్టికి పాలిథిన్ షీటు కప్పి తాడు కట్టాం. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. చేపలకి ఈ మందు లీటరుకి మైక్రోగ్రాముల స్థాయిలోనే ప్రాణం తీస్తుంది. సీసాలోంచి ఒక్క చుక్క, అంటే మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు, రెండు వందల లీటర్ల తొట్టిలో పడితే లీటరుకి ఆరు మైక్రోగ్రాములు దాటుతుంది. తొట్టి మొత్తానికి ఒకే చుక్క! ఈ లెక్క వేసుకున్నాక షీటు రెండు మడతలు వేశాను.

మునగ చెట్టు పూత మీద ఉంది, పొద్దున్నంతా తేనెటీగల మోతే. ఈ మందు తేనెటీగలకి కూడా విషమే. అందుకని సాయంత్రం అవి వెళ్ళిపోయాక, గాలి పడిపోయాక మొదలుపెట్టాం, చెట్టు వైపు, తులసి వైపు అసలు కొట్టలేదు, గోడ అడుగు, గచ్చు అంచులు, చట్రాలు, రాజు పడుకునే మూల, అంతే. వాన సూచన ఉన్న రోజు వద్దు, కొట్టింది కొట్టినట్టు కాలవలో కలుస్తుంది. మా ఆయన పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, కళ్ళజోడు, మాస్కు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని కొట్టారు. నూలు గ్లవ్స్ వద్దు, మందు పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటాయి. పిల్లలు, పెద్దవాళ్ళు, రాజు ఆ రాత్రి పై పోర్షన్‌లో పడుకున్నారు. పిన్ని గారు పిల్లిని రెండు రోజులు ఇంట్లోనే ఉంచుకున్నారు, నేను ముందే వెళ్ళి చెప్పి వచ్చాను. కొట్టాక గ్లవ్స్ చేతికి ఉండగానే సబ్బుతో కడిగి, తర్వాత తీసి, మళ్ళీ చేతులు కడిగి, స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతికాం.

రాజు ఒంటి మీద ఈ నీళ్ళు ఒక్క చుక్క పొయ్యలేదు. గోడకి కొట్టేది గోడకే. దాని బరువు చూసి డాక్టరు గారు నమిలే మాత్ర ఇచ్చారు, ఖరీదు ఎక్కువే, కానీ ఇల్లూ కుక్కా ఒకేసారి శుభ్రమైతేనే ఈ గొడవ తెగుతుంది. ఎవరో చెప్పారని చేలో మందు నీళ్ళలో కలిపి కుక్కకి, దూడకి స్నానం చేయించేవాళ్ళు మా చుట్టుపక్కలే ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి. పశువుల మీద పూసే మందులు వేరే ఉన్నాయి, వాటి శాతం వేరు, కొలత వేరు.

ఫలితం ఎలా ఉందంటే, మర్నాడు పొద్దున గోడ అడుగున చచ్చిన గోమార్లు నల్ల మిరియాలు చల్లినట్టు ఉన్నాయి. కోళ్ళని తెచ్చే ముందు వాటిని ఊడ్చి, మూటకట్టి పారేశాం, కోళ్ళు పొడుచుకు తినకుండా. నాలుగు రోజులు ఒక్కటి కనబడలేదు. తర్వాత పన్నెండో రోజు గోడ మీద నూగింజల కంటే చిన్నవి కనిపించాయి. మందు పనిచెయ్యలేదని అత్తయ్య కంగారుపడ్డారు గానీ అవి కొత్తగా పొదిగినవి, గుడ్డు మీద మందు పట్టదు. కరపత్రంలో రాసినంత వ్యవధి ఇచ్చి పదిహేనో రోజున రెండోసారి కొట్టాం, అదే కొలత, ఒక్క చుక్క ఎక్కువ వెయ్యలేదు. ఇప్పటికి మూడు నెలలు, వసారా గోడ మీద ఒక్కటి లేదు. పనితనానికి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కరపత్రం అచ్చుకి ఒకటి. మూతకి సున్నా, ఎందుకంటే ఇళ్ళకి అమ్మే సీసాకి గీతలున్న కొలత కప్పు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు, పిల్లలు తిప్పితే రాని మూత పెట్టడం అంతకంటే కాదు. ఈ సీసా మూతని మా నాలుగేళ్ళ బాబు రెండు తిప్పుల్లో తీసేశాడు, అదీ ఖాళీ చేసి కడిగిన సీసాది కాదు, కొత్త సీసాదే, చూసి గుండె ఆగినంత పనైంది. అప్పటికి మూత కింద సీల్ తియ్యలేదు కాబట్టి సరిపోయింది.

స్ప్రేయర్ గురించి రెండు ముక్కలు. రెండు లీటర్ల చేతిపంపు రకం, మొక్కలకి వాడేదే. మొదట ఉత్త నీళ్ళు పోసి కొట్టి చూస్తే పిడి దగ్గర కారింది, లోపలి రబ్బరు వాషర్ మారిస్తే ఆగింది. ఎవరు కొన్నా ముందు నీళ్ళతో చూడండి, మందు పోశాక కారితే నేరుగా మీ చేతి మీదే. నాజిల్ సన్నటి మంచులా కాకుండా కొంచెం లావు జల్లుగా తిప్పుకోండి, మంచులా వస్తే గాలికి లేచి ముక్కులోకి వెళ్తుంది. దాని మీద "మందు" అని పెయింట్‌తో రాశాం, ఇక మొక్కలకి వాడం.

అయిపోయాక స్ప్రేయర్‌ని మూడుసార్లు కడిగి ఆ నీళ్ళు కూడా కొట్టిన గోడ అడుక్కే కొట్టాం. సింకులో, లెట్రిన్లో, రోడ్డు పక్క కాలవలో పొయ్యలేదు. సీసా ఖాళీ అయినప్పుడూ అదే పద్ధతి, మూడుసార్లు తొలిపి, ఆ నీళ్ళు స్ప్రేయర్‌లో పోసుకుని, సీసాకి మేకుతో చిల్లులు పెట్టాలి, ఇంకెవరూ దాంట్లో నూనో కిరసనాయిలో పోసుకోకుండా. తగలబెట్టకూడదు, ఆ పొగ కూడా విషమే.

ఏదైనా పొరపాటు జరిగితే ఏం చెయ్యాలో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. చర్మం మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్ళు. మింగితే మాత్రం మన వైపు అలవాటుగా ఉప్పునీళ్ళో, చింతపండు పులుసో, సబ్బునీళ్ళో తాగించి కక్కిస్తారు, అది చెయ్యకూడదు, ముఖ్యంగా ఈసీ అయితే అందులోని ద్రావకం కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి అసలు మందు కంటే ఎక్కువ హాని చేస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందు అయితే అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది, డెల్టామెత్రిన్ లాంటి దానికి వైద్యం వేరు, రెండూ "పురుగుమందే" కదా అని చెబితే డాక్టరుకి ఏ పనీ తోచదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117, పగలూ రాత్రీ ఉచితంగా మాట్లాడతారు. పశువులకి మన రాష్ట్రంలో 1962కి చేస్తే సంచార పశు వైద్య వాహనం సంగతి చూస్తారు. పోయిన ఏడాది పిల్లి వణుకుతున్నప్పుడు ఈ నంబర్లలో ఒక్కటీ మాకు తెలియదు.

మిగిలిన మందు సీసాని దాని పెట్టెలోనే, కరపత్రంతో సహా, పై పోర్షన్ మెట్ల కింద ఇనప బీరువాలో తాళం వేసి పెట్టాం. తాళం చెవి మా ఆయన బండి తాళాలతో ఉంటుంది.

మా అక్క వాళ్ళది విజయవాడ, ఏలూరు కాలువకి రెండు వీధుల అవతల. పోయిన వారం వచ్చినప్పుడు మా గోడలు చూసి, వాళ్ళింట్లోనూ కుక్కకి గోమార్లు పట్టాయని, సగం మందు ఏదైనా కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇవ్వవే అని అడిగింది. సొంత అక్క, సగం సీసా ఖరీదు మూడొందలు కూడా ఉండదు, లేదనడానికి నోరు రాలేదు. కానీ ఇవ్వలేదు. స్టీలు చెంబు పట్టుకుని వసారాలో నిలబడ్డ మామయ్య గారిని గుర్తు చేశాను. కాసేపు మొహం ముడుచుకుంది. లేబుల్ ఫొటో, కరపత్రం ఫొటోలు నాలుగు పెద్దవి చేసి దాని ఫోన్‌కి పంపాను, కొత్త సిరంజి ఒకటి నెయిల్ పాలిష్ గీత పెట్టి బ్యాగులో వేశాను. నిన్న ఫోన్ చేసింది, అక్కడే చిన్న సీసా కొందట, కాలువ వైపు వాలున్న గచ్చు మీద కొట్టాలా వద్దా అని అడిగింది. ఆ వైపు వద్దు, గోడలకీ చట్రాలకీ చాలు అన్నాను.